అవుటని చెప్పే మనిషికి అండ ఎవరు?

అంపైర్ తప్పు చేస్తాడు. చేస్తాడని తెలిసే ఆయన్ని అక్కడ నిలబెడుతున్నాం. అందుకే తప్పు జరిగిన ప్రతిసారీ ఆయన మీద విరుచుకుపడే పద్ధతి మాకు నచ్చదు. ఆ తప్పు జరగడానికి దారులు ఎవరు తెరిచి పెట్టారు, వాటిని మూయాల్సిన వాళ్ళు ఏం చేస్తున్నారు అని అడగడం మాత్రం పత్రికగా మా పని, అభిమానులుగా మీ హక్కు.

2019 మార్చి 28న మన చిన్నస్వామి స్టేడియంలో జరిగింది బెంగళూరు వాళ్ళెవరూ మర్చిపోలేదు. ముంబైతో ఐపీఎల్ మ్యాచ్, ఆఖరి బంతికి బెంగళూరుకి ఏడు పరుగులు కావాలి, ముంబై బౌలర్ మలింగ వేశాడు, పరుగు రాలేదు, ఆరు పరుగుల తేడాతో ఓడిపోయాం. ఆటగాళ్ళు చేతులు కలుపుకుంటుండగా పెద్ద తెర మీద చూస్తే మలింగ కాలు గీత దాటి ఉంది. నోబాల్ ఇచ్చి ఉంటే ఒక పరుగు కలిసేది, ఫ్రీ హిట్ వచ్చేది, అవతలి ఎండ్‌లో డివిలియర్స్ డెబ్బై కొట్టి నాటౌట్‌గా ఉన్నాడు. ఇది క్లబ్ క్రికెట్ కాదు, అంపైర్లు కళ్ళు తెరుచుకుని ఉండాలని కోహ్లీ మండిపడ్డాడు. గెలిచిన రోహిత్ శర్మ కూడా ఇలాంటి తప్పులు ఆటకి మంచివి కావనే అన్నాడు.

కోపం న్యాయమైనదే. కానీ ఆ అంపైర్ ఏం చేయాలో ఒక్కసారి ఆలోచించండి. బౌలర్ ముందు కాలు గీతకి ఎటు పడిందో కిందికి చూడాలి, వెంటనే తలెత్తి అవతలి వికెట్ల దగ్గర బంతి ప్యాడ్‌కి తగిలిందా, బ్యాట్ అంచుకి తగిలిందా, నడుము ఎత్తు దాటిందా చూడాలి. గంటకి 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి బ్యాటర్‌ని చేరడానికి అర సెకను కూడా పట్టదు. ఎన్నో ఏళ్ళు ఈ రెండు పనులూ ఒకే జత కళ్ళకి అప్పగించి, తప్పు దొరికినప్పుడల్లా ఆ కళ్ళనే తిట్టాం. ఆ ఏడాది డిసెంబరులో భారత్, వెస్టిండీస్ సిరీస్‌లో ముందు కాలు చూసే బాధ్యతని టీవీ అంపైర్‌కి ఇచ్చి పరీక్షించారు. 2020లో మహిళల టీ20 ప్రపంచ కప్‌లో వాడారు, అదే ఏడాది ఐపీఎల్‌లోకీ వచ్చింది. ఇంత తేలికైన మార్పుకి అంత గొడవ జరిగేదాకా ఎందుకు ఆగారన్నదే మా బాధ.

అన్నీ కెమెరాకి అప్పగిస్తే సరిపోతుందా అంటే అదీ కాదు. ఎల్బీడబ్ల్యూ రివ్యూలో ‘అంపైర్స్ కాల్’ అని, అంటే మైదానంలో అంపైర్ మొదట చెప్పిందే ఖాయమని వచ్చినప్పుడల్లా, బంతి వికెట్లకి తగులుతోందని తెర మీద కనిపిస్తున్నా నాటౌట్ ఏంటని చాలామంది కొట్టుకుంటారు. బంతి ప్యాడ్‌కి తగిలాక తెర మీద కనిపించే దారి జరిగినది కాదు, లెక్క కట్టిన అంచనా. అంచనా అంచులో ఉన్నప్పుడు మైదానంలో నిలబడి చూసిన మనిషి మాటకే విలువ ఇవ్వడం సబబని మేము నమ్ముతాం.

ఇక మన కంఠీరవ స్టేడియం సంగతి. 2023 మార్చి 3, ఐఎస్ఎల్ ఫుట్‌బాల్ లీగ్ ప్లేఆఫ్, బెంగళూరు ఎఫ్‌సీ మీద కేరళ బ్లాస్టర్స్. అదనపు సమయంలో ఫ్రీ కిక్ దొరికింది, కేరళ వాళ్ళు బంతికి అడ్డంగా వరసగా నిలబడి గోడ కట్టుకునేలోపే బెంగళూరు ఆటగాడు ఛెత్రీ బంతిని గోల్‌లోకి కొట్టేశాడు, రిఫరీ గోల్ ఇచ్చాడు, కేరళ కోచ్ తన జట్టుని మైదానం నుంచి బయటికి తీసుకెళ్ళిపోయాడు. ఫుట్‌బాల్‌లో ఫ్రీ కిక్ వెంటనే కొట్టేసుకోవచ్చు. రిఫరీ ఆపి, గోడని దూరం జరిపి, విజిల్ వేస్తానని చెబితే మాత్రం విజిల్ దాకా ఆగాలి. ఆ సాయంత్రం గొడవంతా ఆ రెండింటిలో ఏది జరిగిందన్న దాని మీదే. కేరళ ఫిర్యాదుని ఫుట్‌బాల్ సమాఖ్య క్రమశిక్షణ కమిటీ తోసిపుచ్చింది, క్లబ్‌కి 4 కోట్ల రూపాయల జరిమానా, కోచ్‌కి 10 మ్యాచ్‌ల నిషేధం పడ్డాయి. బెంగళూరు గెలిచింది కాబట్టి చెబుతున్న మాట కాదిది: జట్టుని బయటికి తీసుకెళ్ళడం తప్పే, అందులో రెండో మాట లేదు. అయితే వేలమంది అరుస్తున్న స్టేడియంలో రిఫరీ నోటి మాట పక్క ఆటగాడికే సరిగ్గా వినపడదు. చెయ్యెత్తి, విజిల్ చూపించి, ఇప్పుడు ఆగాలా కొట్టొచ్చా అన్నది రెండు జట్లకీ కనపడేలా చెప్పడం అలవాటైతే సగం గొడవలు అక్కడే చల్లారతాయి.

అదే ఏడాది అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల కబడ్డీ ఫైనల్ ఇంకా విచిత్రం. ఇరాన్‌తో 28-28 దగ్గర పవన్ సెహ్రావత్ రైడ్‌కి వెళ్ళాడు, ఎవరినీ తాకకుండానే కోర్టు పక్కన ఉండే పట్టీ, అంటే లాబీలోకి అడుగు పెట్టాడు, అతని వెనకే ఇరాన్ డిఫెండర్లూ వచ్చారు. పాత నిబంధన ప్రకారం ఒక రకం పాయింట్లు, కొత్త నిబంధన ప్రకారం ఇంకో రకం. ఏది అమల్లో ఉందో తేలక ఆట దాదాపు గంట ఆగిపోయింది. చివరికి మనమే 33-29తో గెలిచాం. గెలుపు సంతోషమే కానీ, స్వర్ణ పతకం మ్యాచ్‌లో ఏ రూలు నడుస్తోందో ముందే తెలియకపోతే ఆ రిఫరీలు మాత్రం ఏం చేస్తారు?

ఇంత పెద్ద వేదికల మీదే ఇలా ఉంటే, మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీల్లో మన వాళ్ళు ఆడుకునే శని ఆదివారాల టోర్నమెంట్ల గురించి చెప్పనక్కర్లేదు. అనంతపురం, చిత్తూరు, కర్నూలు, నెల్లూరు నుంచి ఉద్యోగాలకి వచ్చిన కుర్రాళ్ళు జట్లు కట్టుకుంటారు, పేరు రాయించి జెర్సీలు కుట్టిస్తారు, ఎంట్రీ ఫీజు కడతారు, ఫోన్‌లో బంతి బంతికీ స్కోరు ఎక్కిస్తారు. అంపైర్ మాత్రం బ్యాటింగ్ జట్టు నుంచే, ఇంకా తన వంతు రాని ఎవరో ఒకరు. కుడి చేతిలో ఆరు గులకరాళ్ళు పట్టుకుని, బంతి పడ్డప్పుడల్లా ఒకటి ఎడమ చేతిలోకి మార్చుకుంటూ నిలబడతాడు. ఆఖరి ఓవర్లో నడుము దగ్గరికి ఫుల్ టాస్ వస్తుంది. నోబాల్ ఇస్తే ఫీల్డింగ్ జట్టు తొండి అని మీదికొస్తుంది. ఇవ్వకపోతే సొంత జట్టే, ‘నువ్వు మన టీమా, వాళ్ళ టీమా బ్రో’ అంటుంది. పాతికేళ్ళు కూడా లేని ఆ కుర్రాడు ఏ నిర్ణయం తీసుకున్నా ఎవరో ఒకరికి శత్రువే, సోమవారం అదే ఆఫీసులో అదే మనుషుల మొహాలు చూడాలి. ఆ టెన్షన్‌లో అతను నిజంగా చూసింది చెప్పగలడని ఎలా ఆశిస్తాం? ఆడే జట్టువాడిని తీర్పు చెప్పమనడమే అన్యాయం, అతనికీ ఆటకీ కూడా.

నిర్వాహకులకి మేము గట్టిగా చెబుతున్నాం. ట్రోఫీకీ, ఫ్లెక్సీలకీ డబ్బు ఉన్నప్పుడు అంపైర్లకీ ఉండాలి. రాష్ట్ర క్రికెట్ సంఘాల పరీక్షలు పాసైన అంపైర్లు ఉన్నారు, వాళ్ళని పిలవండి, చేసిన పనికి తగిన ఫీజు ఆ రోజే చేతిలో పెట్టండి. అంత స్తోమత లేకపోతే కనీసం ఆ మ్యాచ్ ఆడని మూడో జట్టు నుంచి ఇద్దరిని పెట్టండి. టాస్‌కి ముందే ఎల్బీ ఉందా లేదా, వైడ్ గీత ఎక్కడ, చెట్టుకి తగిలితే ఎన్ని, నడుము ఎత్తు నోబాల్ ఎవరు చెప్పాలి అన్నది కాగితం మీద రాసి ఇద్దరు కెప్టెన్ల చేత సంతకం పెట్టించండి.

అంపైర్ మీదికి వెళ్ళేవాళ్ళ సంగతి క్రికెట్ చట్టాల్లోనే ఉంది. 2017 అక్టోబరు నుంచి 42వ చట్టం ఆటగాళ్ళ ప్రవర్తన గురించే. నిర్ణయం మీద నోరు పారేసుకుంటే మొదట హెచ్చరిక, మళ్ళీ చేస్తే అవతలి జట్టుకి ఐదు పరుగులు. అంపైర్‌ని కొడతానని బెదిరిస్తే ఆ మ్యాచ్ అయిపోయేదాకా మైదానం బయటే. ఎంత మంచి బ్యాటరైనా సరే, ఒక్కసారి బయటికి పంపి చూడండి, వచ్చే వారం నుంచి గొంతులు వాటంతటవే తగ్గుతాయి.

ఇంకో మాట. రాజమండ్రిలో పుట్టిన జీఎస్ లక్ష్మి 2019లో ఐసీసీ అంతర్జాతీయ మ్యాచ్ రిఫరీల ప్యానెల్‌లోకి వచ్చిన మొదటి మహిళ. ఈ నగరంలో క్రికెట్ ఆడి, ఉద్యోగంలో పడి, పెళ్ళయ్యాక బ్యాట్ పక్కన పెట్టేసిన తెలుగు ఆడపిల్లలు ఎంతోమంది ఉన్నారు. ఆట తెలుసు, రూల్స్ తెలుసు, మైదానంలోకి రావడానికి పిలుపు మాత్రం లేదు. వచ్చే సీజన్ అంపైర్ల జాబితా రాసేటప్పుడు వాళ్ళనీ అడగండి.