రక్షణ పాటకు అరిగిన టేపు

భక్తి సంగీతానికి శుభ్రత మీద మోజు ఎక్కువ. గొంతుకు కాస్త ప్రతిధ్వని జోడిస్తారు, వెనుక వయొలిన్లు పెడతారు, గాయకుడు ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా వినపడకుండా మిక్సింగ్ చేస్తారు. అమెరికన్ గాయని క్రిస్టిన్ హేటర్ 2023 అక్టోబరులో తెచ్చిన 'సేవ్డ్!' ఆల్బమ్ సరిగ్గా దీనికి ఎదురు దారి పట్టింది. అందులో పాత క్రైస్తవ కీర్తనలున్నాయి, ఆమె సొంతంగా కట్టిన పాటలూ ఉన్నాయి. ఏది విన్నా ఎవరో పాత ఇంటి అటక మీద దొరికిన క్యాసెట్‌ను తెచ్చి వేసినట్టే ఉంటుంది. విశ్వాసాన్ని వెక్కిరించడానికే ఇలా చేశారని మొదటి పాట దగ్గరే తీర్మానించుకోవడం తేలిక. నాకు మాత్రం ఈ మధ్య కాలంలో కీర్తనను ఇంత గంభీరంగా తీసుకున్న రికార్డు మరొకటి కనిపించలేదు.

ముందు ఆ చప్పుడు సంగతి. పియానో తీగల మీద గొలుసులు, గంటలు పరిచి వాయించారు. తీగల మధ్య మరలు, బోల్టులు దూర్చి పియానోను తాళవాద్యంగా మార్చే పని అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ 1940లోనే చేశారు కాబట్టి ఇది కొత్త విద్యేమీ కాదు. కొత్తదనం ఆ తరువాతి మెట్టులో ఉంది. నాలుగు ట్రాకుల టేపు మీద రికార్డు చేసినదాన్ని సగం పాడైన చిన్న క్యాసెట్ ప్లేయర్ల గుండా మళ్లీ నడిపించారు. దాంతో వేగం తడబడుతుంది, శ్రుతి జారిపోతుంది, గొంతు ఒక్కోసారి బుసబుసల కింద మునిగి మళ్లీ తేలుతుంది.

హేటర్ కేథలిక్ వాతావరణంలో పెరిగారు, శాస్త్రీయ గాత్రం నేర్చుకున్నారు. ఇంతకు ముందు ఆమె 'లింగువా ఇగ్నోటా' అనే పేరుతో పాడేవారు. అది 12వ శతాబ్దపు జర్మన్ సన్యాసిని హిల్డెగార్డ్ తాను కల్పించుకున్న భాషకు పెట్టిన పేరు. ఆ పేరుతో వచ్చిన ఆల్బమ్‌లలో ఆమె బైబిలులోని శాపవాక్యాల ధోరణిని అందుకుని, తనను హింసించినవారి మీదికి ఎక్కుపెట్టారు. గృహహింసను అనుభవించిన మనిషి ఆ పాటలను వేదిక మీద మళ్లీ మళ్లీ పాడటమంటే పుండును రేపుకోవడమే. 2022 చివరలో ఆ పాటలకు స్వస్తి చెబుతున్నట్టు ప్రకటించి, 'రెవరెండ్' అన్న బిరుదుతో, సొంత పేరుతో వచ్చారు. అంటే శపించడం మానేసి రక్షణ, అంటే పాపం నుంచి విముక్తి, అడగడానికి వచ్చారు.

అడగడానికి ఎంచుకున్న చోటు పెంతెకొస్తు ఆరాధన, అదీ సులువైనది కాదు. పెంతెకొస్తు ఉద్యమం 1906లో లాస్ ఏంజెలెస్‌లోని అజూసా వీధిలో, విలియం సేమూర్ అనే నల్లజాతి బోధకుడి కూటాలతో ఊపందుకుంది. అందులో పరిశుద్ధాత్మ బాప్తిస్మానికి అన్యభాషలతో మాట్లాడటమే, అంటే పారవశ్యంలో తెలియని భాషలో పలకడమే గుర్తు. దానితోపాటు పరిశుద్ధతను నొక్కిచెప్పే శాఖలలో నగలు, మద్యం, వినోదాల మీద కఠినమైన కట్టుబాట్లు ఉంటాయి. మెడలో గొలుసైనా లేకుండా ఆరాధనకు వెళ్లే విశ్వాసులను చూసిన తెలుగువారికి ఈ వాతావరణం పరాయిదేమీ కాదు.

ఈ ఆల్బమ్‌లో యేసు రక్తం గురించిన పాటలే మూడున్నాయి. వాటిలో ఒకటి బాప్టిస్టు బోధకుడు రాబర్ట్ లోరీ 1876లో రాసిన 'నథింగ్ బట్ ద బ్లడ్'. అది ప్రశ్న, జవాబుల పాట. నా పాపాన్ని కడిగేది ఏది? యేసు రక్తం తప్ప మరేదీ కాదు. ఆదివారం గుడిలో అందరూ కలిసి పాడేటప్పుడు ప్రశ్న పూర్తి కాకముందే జవాబు సిద్ధంగా ఉంటుంది. కాబట్టి ప్రశ్న వట్టి అలంకారమైపోతుంది. టేపు ఏ క్షణాన తెగుతుందో తెలియని ఈ రికార్డులో ఆ వెసులుబాటు లేదు. అడిగిన గొంతు జవాబు దాకా చేరుతుందా అన్న అనుమానంతోనే వింటాం. నూట యాభై ఏళ్లుగా పాడీ పాడీ నున్నబడిన పాటలోని గరుకును పాడైన యంత్రంతో మళ్లీ బయటికి తీశారు. ప్రయోగం అనదగ్గది ఈ ఆల్బమ్‌లో నాకు ఇక్కడే దొరికింది, గొలుసుల మోతలో కాదు.

అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ 1979లో క్రైస్తవంలోకి వచ్చి చేసిన 'స్లో ట్రైన్ కమింగ్' పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. అలబామాలోని మజిల్ షోల్స్ స్టూడియో, మార్క్ నాఫ్లర్ గిటారు, పేరున్న నిర్మాత జెరీ వెక్స్‌లర్ (ఆయన నాస్తికుడు కావడం ఒక తమాషా). బోధ నిప్పులు కురిపిస్తుంది, సంగీతం మాత్రం నిగనిగలాడుతుంది, గ్రామీ కూడా వచ్చింది. డిలన్‌కు దారి దొరికిందన్న నమ్మకం ఉంది, కాబట్టి వినేవారిని హెచ్చరిస్తారు. హేటర్ ఎవరినీ హెచ్చరించే స్థితిలో లేరు. స్నేహితులందరూ నరకానికి పోతున్నారని పాడే పాటలో కూడా బోధకుడి ధీమా కంటే వెనకబడిపోతానేమోనన్న కంగారే ఎక్కువ వినిపిస్తుంది.

అలాగని అన్నీ మెచ్చుకోలేను. బ్లైండ్ విల్లీ జాన్సన్ 1927లో డల్లాస్‌లో రికార్డు చేసిన పాటను కూడా ఇక్కడ పాడారు. జాన్సన్ రికార్డులోని గరగర ఆనాటి యంత్రాల పరిమితి. హేటర్‌ది కోరి తెచ్చుకున్న గరగర. పేద నల్లజాతి గాయకుడికి తప్పనిసరైనది ఇక్కడ వేషమైపోతోందన్న అసౌకర్యం ఆ పాట పొడుగునా నన్ను వదల్లేదు. పెంతెకొస్తువారి నిష్ఠ విషయంలోనూ ఇదే ప్రశ్న వేయవచ్చు, కానీ అక్కడ ఆమె దగ్గర ఒక జవాబుంది. చివరి పాట కూడా లోరీ స్వరపరిచినదే, పాడకుండా ఎలా ఉండగలను అని అడిగే పాట. దాని మీద ఏడుపు, అన్యభాషల ప్రవాహం కమ్ముకుంటాయి. శాస్త్రీయ శిక్షణ పొందిన గొంతు తన అదుపును తానే వదిలేసుకుంటుంది. వేషం కోసం అంత దూరం వెళ్లనక్కర్లేదు.

వినాలనుకునేవారు పాటలను వరుస తప్పించకుండా వినడం మంచిది. ఆ చివరి పాటను విడిగా తీసి వింటే వట్టి గోలలా ఉంటుంది.