తొమ్మిది మందికి ఒకటే కుర్చీ

గురువారం జరిగింది. ఈ రోజు శనివారం. ఇంకో వారం ఆగితే మనసు కుదుటపడి, మా బావ గురించి ఒకటో రెండో మంచి మాటలు కూడా రాసేస్తానేమోనన్న భయంతో ఇప్పుడే రాస్తున్నాను.

ముందు సంగతి త్వరగా చెప్పేస్తాను. మేము తొమ్మిది మందిమి ఒక యాత్రకు బయలుదేరబోతున్నాం. రెండు జీపులు, మూడు రోజులు. కడప నుంచి జమ్మలమడుగు, గండికోట, అక్కడి నుంచి మట్టిదారులు పట్టుకుని తాడిపత్రి వైపు, ఆ మీదట బెలుం గుహలు, అవుకు. రాత్రిళ్లు గుడారాల్లో పడక. నాయకుడు మా అక్క మొగుడు. ఆయనను ఎవరూ ఎన్నుకోలేదు.

బావ ఆరు నెలలుగా అమెరికాలోని యూటా రాష్ట్రపు ఎడారి లోయల వీడియోలు చూస్తున్నాడు. కాన్యన్‌ల్యాండ్స్ అనే జాతీయ పార్కు ఉందట. అందులో వైట్ రిమ్ రోడ్డు అని సుమారు 160 కిలోమీటర్ల మట్టిదారి. కొలరాడో, గ్రీన్ నదులు కోసిన లోయల అంచున పోతుంది. రాత్రి బస చేయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. ఇవన్నీ ఆయన సంధ్యావందనంలా రోజూ అప్పజెబుతాడు. ప్రొద్దుటూరు దాటి ఎన్నాళ్లయిందో అక్కనడిగితే తెలుస్తుంది.

మన గండికోట కూడా లోయే, కాదనను. ఎర్రమల కొండలను పెన్న చీల్చుకుని పోయిన గండి, దాని ఒడ్డున కోట, అందుకే ఆ పేరు. చూస్తే కళ్లు తిరుగుతాయి. అయితే జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు, కోట వాకిలి దాకా తారురోడ్డు. పక్కనే పర్యాటక శాఖ వారి హోటలు ఉంది. హోటల్లో గదులున్నాయి. గదుల్లో, ఈ కథకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం, స్నానాల గదులున్నాయి. ఈ మాటే బావతో అన్నాను. "నువ్వు మానసికంగా ఇంకా తారురోడ్డు మీదే ఉన్నావు" అన్నాడు.

నీళ్ల లెక్క ఒక్కటి చెబుతాను, మనిషి అర్థమవుతాడు. ఎడారిలో మనిషికి రోజుకు ఒక గ్యాలను, అంటే 3.8 లీటర్లు. తొమ్మిది మందికి మూడు రోజులకు 102.6 లీటర్లు. ఇరవై లీటర్ల క్యాన్లు ఐదు సరిపోవు, 2.6 లీటర్లు తక్కువ. కాబట్టి ఆరో క్యాను. దారిలో జమ్మలమడుగు ఉంది కదా, అక్కడ నీళ్లు అమ్ముతారు కదా అంటే, "దారిలో ఏమీ ఉండదనుకుని బయలుదేరాలి, అదే పద్ధతి" అన్నాడు. జమ్మలమడుగు వాళ్లు వింటే ఏమనుకుంటారు? దీపాలు పెట్టి, టికెట్ ఇచ్చి మరీ లోపలికి పంపే బెలుం గుహలకు తొమ్మిది తలదీపాలు కొనిపించాడు. వాన పడితే నల్లరేగడి చక్రాలకు చుట్టుకుంటుంది, ఎందుకైనా మంచిది, ట్రాక్టరు ఉన్నవాళ్ల నంబరు ఒకటి దగ్గర పెట్టుకుందామని నేనన్న మాట మాత్రం జాబితాకు ఎక్కలేదు. మొత్తం యాత్రలో పనికొచ్చే సలహా అదొక్కటే.

ఇక అసలు విషయం. ఆ యూటా పార్కులోనే మేజ్ అని ఒక మారుమూల భాగం ఉంది. అక్కడికి వాహనాల్లో వెళ్లి బస చేసేవాళ్లు టాయిలెట్ కూడా వెంట తీసుకువెళ్లాలి. వ్యర్థాన్ని అక్కడ వదలకుండా తిరిగి మోసుకురావాలి. వాళ్ల ఎడారికి అది న్యాయమైన నియమమే. బావ దాన్ని ఎర్రమల కొండలకు కూడా వర్తింపజేశాడు. ఒక మడత టాయిలెట్ కొన్నాడు. దాన్ని ప్రొద్దుటూరుకు తెప్పించుకుంటే వీధిలో పరువు పోతుందని కడపకు, నా పేరు మీద వేయించాడు. నా వీధి ఆయనకు లెక్కలేదు.

పార్శిల్ ఆఫీసు పేరు చెప్పను. పెట్టె ఒక మూల చినిగి ఉంది. చినిగిన పెట్టెను కౌంటరు దగ్గరే విప్పి, వస్తువు బిగించి, పని చేస్తోందని చూపించి, ఫోటో తీసుకుని ఇవ్వాలట. కొత్త నియమం.

"పని చేస్తోందని ఎలా చూపించాలి?" అని అడిగాను.

"అదేమిటో మాకేం తెలుసు సార్, వస్తువు మీది" అన్నాడు గుమాస్తా.

నష్టం ఏమీ లేదని రాసిస్తానన్నాను. రాసివ్వడానికి లేదు, చూపించాలి. పెట్టె కోశారు. హమాలీ నాలుగు కాళ్లు లాగి నేల మీద నిలబెట్టాడు. చెప్పవద్దూ, మూత మూసి కొక్కేలు పెట్టి ఉన్నంతసేపు అది నల్లటి ముక్కాలిపీటలా పెద్దమనిషి తరహాగానే ఉంది. ఎంతటివాళ్లకూ అనుమానం రాదు. హమాలీకి మాత్రం వచ్చింది. ఆయన నా వంక చూసిన చూపులో జాలి ఉంది. ఇంట్లో ఎవరికైనా బాగాలేదేమో అనుకున్నట్టున్నాడు.

ఫోటో తీశారు. సంతకం పెట్టాను. తీసుకుపోదామని వంగానో లేదో, "ఓటీపీ చెప్పండి" అన్నాడు.

పార్శిల్ నా పేరు మీద ఉంది. ఫోను నంబరు బావది. బావకు ఫోను చేశాను. ఎత్తలేదు. తరువాత తెలిసింది, ఇసుకలో నడపాలంటే టైర్లలో గాలి తగ్గించాలని, ఇంటి ముందు సిమెంటు రోడ్డు మీద జీపు పెట్టుకుని నాలుగు టైర్ల గాలీ తీసి అభ్యాసం చేస్తున్నాడట. మళ్లీ గాలి నింపే పంపు ఇంకా రాలేదు. అదీ పార్శిల్‌లోనే ఉంది.

ఓటీపీ లేకుండా వస్తువు కదలకూడదు. ఆఫీసు మధ్యలో, అందరూ నడిచే చోట, నాలుగు కాళ్ల మీద అది నిలబడింది. దాని పక్కన నేను. సరిగ్గా అప్పుడు లోపలికి వచ్చారు మా లెక్కల సారు.

మా సారు గురించి కొంత చెప్పాలి. పదో తరగతిలో నాకు లెక్కలు చెప్పారు. క్లాసులో ఆయన కూర్చోగా చూసినవాళ్లు లేరు. కుర్చీ ఉండేది, దాని మీద సుద్దముక్కల డబ్బా ఉండేది. కూర్చుంటే మెదడు కూర్చుంటుందని అనేవారు. అంత నిలబడినందుకు ఇప్పుడు మోకాళ్లు అరిగిపోయాయి. బెంగళూరు నుంచి కొడుకు పంపిన మోకాళ్ల నూనె కోసం వచ్చారట. నన్ను చూసి సంతోషించారు. నా భుజం మీద చెయ్యి వేశారు. రెండో చేత్తో ఆసరా కోసం వెతుక్కుంటూ, నేను నోరు తెరిచేలోగా, నిట్టూర్చి దాని మీద కూర్చున్నారు.

"అమ్మయ్య" అన్నారు.

నాకున్న దారులు ఆలోచించాను. ఒకటి, నిజం చెప్పడం. చెప్పాలంటే ముందు ఆ వస్తువుకు మన భాషలో ఒక పేరుండాలి. మరుగుదొడ్డి అందామా, మరుగు ఎక్కడుంది? నడివీధికి ఎదురుగా ఉన్నాం. శౌచాలయం అంటే గోడలుండాలి. మడత దొడ్డి అంటే పశువులను కట్టేసే చోటు అనుకుంటారు. నాకు త్రికోణమితి నేర్పిన మనిషితో, ఇంగ్లీషులోనే అనుకోండి, "సార్, మీరు కూర్చున్నది..." అని మొదలుపెట్టి ఆ వాక్యాన్ని ఎక్కడ ముగించాలి? రెండు, లేవమనడం. ఎందుకని అడుగుతారు. ఆయన ఎప్పుడూ ఎందుకనే అడుగుతారు, జవాబు సరైనదైనా సరే. మూడు, నేను వెళ్లిపోవడం. ఓటీపీ లేదు.

"కుర్చీ బాగుందిరా. ఎంత బరువు ఆపుతుంది?"

"150 కిలోలని రాశారు సార్."

"దేనికి కొన్నావు?"

"గండికోటకు వెళుతున్నాం సార్. గుడారాలు వేసుకుని..."

"ఎంతమంది?"

"తొమ్మిది మంది."

"తొమ్మిది మందికి ఒకటే కుర్చీ ఏమిటిరా?"

"వంతులవారీగా సార్."

సారు ఆలోచించారు. "అందరూ చుట్టూ కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఒక్కడే ఎత్తులో ఉంటే బాగుంటుందా?"

"అందరి మధ్యలో కాదు సార్. ఒక్కొక్కరం కాస్త దూరంగా తీసుకువెళ్లి..."

"ఏకాంతంగా కూర్చుంటారా?"

"అవును సార్."

"లోయను చూస్తూ?"

"వీలైతే సార్."

"ఎంతసేపు?"

"అది... మనిషిని బట్టి సార్."

సారు కళ్లలో నీళ్లు తిరిగాయని చెబితే మీరు నమ్మరు. పదో తరగతిలో నాకు వచ్చిన మార్కులకు కూడా ఆయన అంత సంబరపడలేదు. పక్కనున్న నలుగురికీ నన్ను చూపించి, "చూశారా, ఈ కాలపు పిల్లలు ఎక్కడికి పోయినా ఫోనుల్లో తల దూర్చుకుని ఉంటారు. వీడు లోయ అంచున ఏకాంతంగా కూర్చోవడానికి ప్రత్యేకంగా కుర్చీ తెప్పించుకున్నాడు" అన్నారు. నలుగురూ తలలు ఊపారు. హమాలీ గోడ వైపు తిరిగాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి.

బావకు ఏడోసారి ఫోను చేశాను. ఎత్తలేదు.

ఇంతలో సారు కాలికి ఒక చుట్ట తగిలింది. కుర్చీతో పాటు వచ్చిన సంచుల చుట్ట. పన్నెండు సంచులు. ఆయన దాన్ని తీసి, ఒకటి విడదీసి, రెండు చేతులతో లాగి చూశారు. "సంచులు కూడా ఇచ్చాడా? మంచి గట్టి సరుకు. దేనికి?"

"తిరిగి తెచ్చుకోవడానికి సార్."

"ఏమిటి?"

"చెత్త... చెత్త సార్. అక్కడ వదలకూడదు కదా."

"శభాష్" అన్నారు సారు.

కౌంటరు దగ్గర ఒకావిడ హైదరాబాదులో హాస్టల్లో ఉన్న కొడుక్కు ఓళిగలు పంపుతోంది. కవరు చినిగిపోయి నెయ్యి కారుతోంది, గుమాస్తా తీసుకోనంటున్నాడు. గుమాస్తా అలా అంటాడని నాకు ముందే తెలుసు, ఆ ఆఫీసులో తీసుకోనని అనడమే ఉద్యోగం. సారు మనసు కరిగింది. చేతిలో ఉన్న సంచిని ఆవిడకు అందించారు. "తీసుకో అమ్మా, వీడిదే, ఏమీ అనుకోడు." సంచి మీద ఒక మూల చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. నాకు కళ్లజోడు లేకుండానే కనిపించింది. ఆవిడ చదవలేదు. కొత్త సంచే కదా, ఇంతవరకు ఎవరూ వాడింది కాదు కదా అని నన్ను నేను ఓదార్చుకున్నాను. ఓళిగలు హైదరాబాదు వెళ్లిపోయాయి. ఆ అబ్బాయి ఇంగ్లీషు మీడియం అయి ఉండకూడదని దేవుని కడప వెంకన్నకు మొక్కుకున్నాను.

నలభై నిమిషాలకు బావ ఫోను ఎత్తాడు. "ఏమిటి అంత తొందర?" అన్నాడు. ఓటీపీ చెప్పాడు. దాని గడువు తీరిపోయింది. మళ్లీ పంపించారు. మళ్లీ చెప్పాడు. చెబుతూనే, అందరికీ వినిపించేంత గట్టిగా, "దొడ్డి బాగానే ఉందా, చూశావా?" అన్నాడు.

"ఎవరి దొడ్డి?" అన్నారు సారు.

"మా బావ వాళ్లది సార్. పశువులు..."

"ఎన్ని?"

"తొమ్మిది సార్."

ఇక లేస్తారనుకున్నాను. లేచారు కూడా. లేచి, కుర్చీని అన్ని వైపుల నుంచి చూసి, "ఒరేయ్, దీని ఎత్తు నా మోకాళ్లకు కొలిచినట్టుంది. ఇది నాకు ఇచ్చేయి. నువ్వు ఇంకొకటి తెప్పించుకో. ధర ఎంతో చెప్పు, ఊరికే తీసుకోను" అన్నారు. వద్దని చెప్పడానికి కారణం కావాలి. నా దగ్గర ఉన్న కారణం ఒక్కటే, అది చెప్పలేను. హమాలీ దాన్ని మడిచి, ఎంతో గౌరవంగా ఆటోలో సారు పక్కన పెట్టాడు. మిగిలిన పదకొండు సంచులు కూడా పెట్టాడు. కూలి నా దగ్గర తీసుకోలేదు. చాలాకాలం చెప్పుకునే విషయం దొరికిందన్నాడు.

బావ రాత్రి ఫోనులో గంటసేపు అరిచాడు. జాబితాలో 34వ అంశం పోయిందట. ఇంకొకటి తెప్పిస్తున్నాడు, మళ్లీ కడపకే, మళ్లీ నా పేరు మీదే. నంబరు మాత్రం ఈసారీ తనదేనట, నాయకుడికి సమాచారం తెలుస్తూ ఉండాలట.

నిన్న సాయంత్రం సారు ఫోను చేశారు. వసారాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నారట, చూడడానికి వచ్చినవాళ్లను కూడా అందులోనే కూర్చోబెడుతున్నారట.

"ఒరేయ్, నిన్ననే చూశాను. కొక్కేలు తీస్తే మధ్యలో మూత తెరుచుకుంటోంది. గుండ్రంగా ఇంత కంత. నీళ్ల చెంబు పెట్టుకోవడానికా?"

"అవును సార్" అన్నాను.

రేపు భోజనానికి రమ్మన్నారు. ఆ కుర్చీ నాకే వేస్తారట.