ఆరు మెట్ల వైకుంఠపాళి

భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో పిల్లలు ఎక్కాల్సిన మెట్లు ఆరు. ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్, రాజ్య పురస్కార్, రాష్ట్రపతి పురస్కార్. పాముల్లేని వైకుంఠపాళి అన్నమాట. కుర్రాడికి పదేళ్లు నిండి మొదటి గడిలో నిలబడితే చాలు, మిగతా పని, నేర్చుకున్నదంతా నమోదు చేసే లాగ్‌బుక్ చూసుకుంటుంది. ఇందులో పుస్తకాలు నిండుతున్నాయే గానీ పిల్లలకు పని రావడం లేదని కొందరు గిట్టనివాళ్లు ఆడిపోసుకుంటున్నారు. వారి నోరు మూయించడం అత్యవసరం.

వాళ్ల మొదటి ఫిర్యాదు ప్రవేశ్ మీద. ప్రతిజ్ఞ, తొమ్మిది నియమాలు, ప్రార్థన, జెండా పాట, మూడువేళ్ల సెల్యూట్, ఎడమచేతి కరచాలనం నేర్చుకోవాలి. దాంతోపాటు నెల రోజులు రోజుకో మంచిపని చేసి డైరీ రాయాలి. "1వ తేదీ: ముసలమ్మను రోడ్డు దాటించాను. 2వ తేదీ: ముసలమ్మను రోడ్డు దాటించాను." ముప్పై రోజులకూ ఒకే సిరా, ఒకే దస్తూరి, ఒకే ముసలమ్మ. అయితే ఏమిటట? ట్రూప్‌లో, అంటే స్కౌట్ల దళంలో, 32 మంది ఉంటే 32 డైరీల్లోనూ ఆవిడే దాటుతుంది. 32 సరిసంఖ్య కాబట్టి సాయంత్రానికి ఎక్కడ బయల్దేరిందో అక్కడే క్షేమంగా ఉంటుంది. ఎవరికి నష్టం?

ఇక ముడులు. రీఫ్ నాట్ వేయాలంటే ఎడమ కొస కుడి మీదికి, తర్వాత కుడి కొస ఎడమ మీదికి రావాలి. రెండోసారి కూడా ఎడమనే పైకి తెస్తే పుట్టేది గ్రానీ నాట్. చూడ్డానికి అక్కాచెల్లెళ్లే. కాకపోతే రీఫ్ కొసలు తాడు వెంబడే బుద్ధిగా పడుకుంటాయి, గ్రానీ కొసలు అడ్డంగా పొడుచుకొస్తాయి. బరువు పడగానే జారిపోతుంది. అసలు రీఫ్ నాట్ కట్టుగుడ్డకు పనికొస్తుంది గానీ, లావు తాడునూ సన్న తాడునూ కలపడానికి పనికిరాదు. అందుకు షీట్ బెండ్ అనే వేరే ముడి ఉంది. ఇవన్నీ చేతికి రావాలంటే తాడు పట్టుకుని వందసార్లు వేయాలి. నాన్నగారు దారం ముక్కతో ఒక్కసారి వేసి, ఫెవికాల్‌తో లాగ్‌బుక్‌లో అంటిస్తే పది నిమిషాల పని. పైగా ఫెవికాల్ పెట్టిన గ్రానీ నాట్ ఎన్నటికీ జారదు. ఈ సంగతి విమర్శకులు కావాలనే దాచిపెడుతున్నారు.

స్క్వేర్ లాషింగ్, అంటే నిలువు కర్రకు అడ్డకర్రను తాడుతో కట్టడం, దగ్గర గొడవ ఇంకా పెద్దది. నిలువు కర్రకు క్లోవ్ హిచ్ అనే ముడి వేసి మొదలుపెట్టాలి. రెండు కర్రలనూ కలిపి మూడు చుట్లు లాగి చుట్టాలి. తర్వాత కర్రల మధ్యలోంచి, ఆ చుట్ల మీదుగా రెండు బిగింపు చుట్లు తిప్పి, అడ్డకర్రకు క్లోవ్ హిచ్‌తో ముగించాలి. వేళ్లు మండేది బిగింపు చుట్ల దగ్గరే. అందుకే మనవాళ్లు వాటిని ఎగ్గొట్టి, పై చుట్లు మాత్రం ఆరేడు వేస్తారు. చూపుకు దిట్టంగానే ఉంటుంది. పొద్దున కట్టిన పళ్లేల స్టాండు ఎండ ఎక్కేసరికి ఒక పక్కకు ఒరిగి, భోజనాల వేళకు పళ్లేలతో సహా సాష్టాంగపడుతుంది. దీన్ని వినయంగా ఎందుకు చూడరు?

నిప్పు పరీక్షకు రెండు అగ్గిపుల్లలే ఇస్తారు. గాలి వాటం చూసుకుని కొబ్బరిపీచు, ఎండాకులు, వేలి సన్నం పుల్లలు, ఆపైన కట్టెలు, ఇదీ వరస. మనవాళ్లు పెద్ద కట్టెలే ముందు పేరుస్తారు. గాలి ఆడదు, పొగ తప్ప మంట రాదు. అప్పుడు ఒక జేబులోంచి కర్పూరం బిళ్ల బయటికొస్తుంది. పుల్లలకు లెక్కుంది గానీ బిళ్లలకు లేదు కదా! "సిద్ధంగా ఉండు" అన్న స్కౌటు నినాదాన్ని ఇంతకన్నా ఎవరు పాటించారు?

వంట నేర్చినందుకు ఇచ్చే కుక్ బ్యాడ్జి గురించి మాట్లాడను. అది అమ్మలకూ పరీక్షాధికారులకూ మధ్య వ్యవహారం.

ఆరో మెట్టు మీద ఇంత శ్రద్ధ దేనికని అడుగుతారేమో. రైల్వేలో స్కౌట్స్ కోటా ఉంది. రాష్ట్రపతి పురస్కారం దానికి ఒక అర్హత. సేవాభావం అనేది రైలు ఎక్కితేనే ముందుకు పోతుందని తల్లిదండ్రులు ఎప్పుడో గ్రహించారు. కాబట్టి లాగ్‌బుక్‌కు అట్టలు వేసి, మార్జిన్లు గీసి, బొమ్మలకు రంగులద్దిన నాన్నగార్లకు కూడా ఒక ప్రావీణ్య బ్యాడ్జి పెట్టాలని మా మనవి. సోపానాలన్నీ వాళ్ల మోకాళ్లతో ఎక్కినవే.

అయితే ఒక్క విషయం మాత్రం కుర్రాడు నిజంగా నేర్చుకుంటాడు. లాగ్‌బుక్‌లో అంటించడానికి వీల్లేనిది అదొక్కటే మరి. బ్యాడ్జి ప్రదానం రోజున ముఖ్య అతిథి కుడిచేయి చాస్తారు. కుర్రాడు నియమం తప్పకుండా ఎడమచేయి చాస్తాడు. రెండు చేతులూ గాల్లో కలవకుండా ఆగిపోయిన క్షణంలోనే ఫొటో తీస్తారు. ముందు వరసలోంచి ఒక పెద్దాయన, "పెద్దవాళ్లకు ఎడమచేయి ఇస్తాడా! ఎవరి పెంపకమండీ ఇది?" అంటాడు.