ఏమీ రాకపోవడంలో ముప్పయ్యో ర్యాంకు

ఏమీ రానివాణ్ణి మన దగ్గర ఒక్క మాటతో తేల్చేస్తారు: "వీడికి ఓనమాలు కూడా రావు." ఎంత రావు, పక్కింటివాడికన్నా ఎంత ఎక్కువ రావు అని లెక్క చూసే ఓపిక ఎవరికీ లేదు. ఈ విషయంలో మనం జపాన్ కాలిగోటికి చాలం. పలక మీద నల్ల, తెల్ల రాళ్లు పెట్టి ఆడే అక్కడి గో ఆటలో, నిన్ననే పలక ముందు కూర్చున్న మనిషిది 30వ క్యూ. నల్లరాయి ఎక్కడ పెట్టాలో తెలియకపోవడానికి ముప్పై అంతస్తుల మేడ కట్టారన్నమాట. నేను ఫోన్‌లో గో ఆడటం మొదలుపెట్టి ఆరు నెలలైంది. నాది 30వ క్యూ. 28వ క్యూ వాళ్లు నన్ను చూసి "పాపం, బొత్తిగా రాదు" అని జాలిపడే హక్కు సంపాదించుకున్నారు. ఆ హక్కు కోసమే నేనూ కష్టపడుతున్నాను.

క్యూ అనగానే మనకు తిరుమల కంపార్ట్‌మెంటో, రేషన్ షాపో గుర్తొస్తుంది. జపాన్ క్యూ వేరే మాట, తరగతి అని అర్థం. కానీ నడిచే తీరు అచ్చం మన క్యూ లాగే ఉంటుంది: పెద్ద అంకెతో వెనక నిలబడతాం, ముందుకు జరిగేకొద్దీ అంకె తగ్గుతుంది. మన బడిలో ఒకటో తరగతివాడు బలపం నాకే పిల్లాడు. అక్కడ 1వ క్యూ వాడు తలుపు దాకా వచ్చేసిన పెద్దమనిషి. తలుపు తెరుచుకుంటే డాన్. అక్కణ్నుంచి అంకెలు మళ్లీ ఒకటి నుంచి పైకి పోతాయి. క్యూలో ఓపిగ్గా నిలబడ్డవాడే డాన్ అవుతాడన్న సంగతి మన సినిమావాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.

అయితే ఆ మొదటి డాన్‌ను జపాన్‌వాళ్లు 'ఒకటో డాన్' అని పిలవరు. 'షోదాన్' అంటారు. షో అంటే ఆరంభం. జూడో, కరాటేల్లోనూ ఇదే మాట. ఏళ్ల తరబడి మోచేతులు దోక్కుపోయి, నడుం పట్టేసి, చివరికి నల్ల బెల్టు కట్టుకున్నాక దానర్థం ఏమిటయ్యా అంటే "నాయనా, ఇక మొదలుపెట్టు" అని. మరి ఇన్నాళ్లూ చేసిందేమిటని అడక్కూడదు. అలా అడిగారంటే మీరింకా క్యూలోనే ఉన్నట్టు.

ఈ డాన్ లెక్క కూడా గో ఆటదే. 17వ శతాబ్దంలో హోనింబో దోసాకు అనే మహా ఆటగాడు దాన్ని ఒక పద్ధతిలో పెట్టాడు. 1882లో కోడోకాన్ అనే బడి పెట్టి జూడో మొదలుపెట్టిన జిగోరో కానో, మరుసటి ఏడే ఇద్దరు శిష్యులకు షోదాన్ ఇచ్చాడు. బెల్టుల రంగుల సంగతి వేరు. తెలుపుకీ నలుపుకీ మధ్య పసుపు, నారింజ, ఆకుపచ్చ, నీలం వగైరా ఐరోపాలో పెరిగిన పంట. 1930ల్లో పారిస్‌లో జూడో నేర్పిన మికినోసుకే కవైషి దానికి బాగా నీళ్లు పోశాడు. అంత దూరం వెళ్లి నేర్చుకునేవాళ్లకు మూణ్ణెల్లకో రంగు కనపడకపోతే మానేస్తారని భయం కాబోలు. ఆ భయం మా అపార్ట్‌మెంట్ సెల్లార్ దాకా వచ్చింది. అక్కడ శని, ఆదివారాల్లో కరాటే క్లాసు. మూడో అంతస్తు బుడ్డోడు మొన్న లిఫ్టులో కనపడి, "అంకుల్, నాది యెల్లో. శౌర్యగాడిది ఇంకా వైటే" అన్నాడు. పక్కనే వాళ్ల నాన్న, పరీక్ష ఫీజు ఒకటి, బెల్టుకు వేరే అని లెక్క చెప్పుకుంటున్నాడు. రంగు ఎక్కింది పిల్లాడికి, దిగింది జేబుకి.

టీ కాచి ఇచ్చే కళలో ఈ విద్య పరాకాష్ఠకు చేరింది. క్యోటోలోని ఉరసెన్కె సంప్రదాయంలో శిష్యుడికి వరసగా పత్రాలు ఇస్తారు. మొదటిదాని పేరు 'న్యూమోన్', అంటే గుమ్మంలో అడుగు పెట్టడం. ఆ పత్రం "ఇతనికి వచ్చింది" అని చెప్పదు, "ఇతను నేర్చుకోవచ్చు" అని చెబుతుంది. మనం బండికి ఒక ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుంటే తర్వాత లైసెన్సు వస్తుంది. అక్కడ ఎల్‌ఎల్‌ఆర్ తర్వాత ఇంకో ఎల్‌ఎల్‌ఆర్. ప్రతిదానికీ రుసుము ఉంది. గిన్నెలో టీ చల్లారకుండా ఉంటే చాలు.

సూమో కుస్తీవాళ్లకు ఇంత మొహమాటం లేదు. పోటీలకు ముందు అచ్చేసే జాబితాలో పైవాళ్ల పేర్లు బండ అక్షరాల్లో ఉంటాయి, కిందికి పోయేకొద్దీ సన్నబడతాయి. అట్టడుగున ఉన్న జొనోకుచి కుర్రాళ్లకు 'భూతద్దం' అనే ముద్దుపేరుంది, అది పెట్టి చూస్తే తప్ప పేరు కనపడదని. వాళ్లకు జీతం లేదు. చలికాలంలోనూ యుకాతా అనే పల్చటి నూలు అంగీ, చెక్క చెప్పులే. వాళ్లకన్నా కొత్తవాళ్ల పేర్లు ఆ జాబితాలోనే ఉండవు.

జపాన్ చదరంగమైన షోగి ఆటలో మరీ ఘోరం. వృత్తి ఆటగాళ్లను తయారుచేసే షోరేకాయ్‌లో, ఊళ్లో అందర్నీ ఓడించి డాన్‌లు సంపాదించుకున్న పిల్లాణ్ణి తీసుకెళ్లి 6వ క్యూలో కూర్చోబెడతారు. అక్కడ డాన్ అయినా చాలదు. నాలుగో డాన్ వస్తేనే వృత్తి ఆటగాడు. 26 ఏళ్లు వచ్చేసరికి ఆ గడప దాటకపోతే మామూలుగా ఇంటికే. సోతా ఫుజీ అనే కుర్రాడు 2016లో, 14 ఏళ్లకే దాటేశాడు. ఆ వయసులో నేను కారమ్స్‌లో కాయిన్ పోగొట్టి తన్నులు తిన్నాను.

నా విషయానికొస్తే, నిన్న రాత్రి మళ్లీ ఓడిపోయాను. ముప్పయ్యో ర్యాంకుకు వెనక గోడే ఉంది కాబట్టి కింద పడే టెన్షన్ లేదు. ఎవరైనా కొత్తవాళ్లొచ్చి "లాస్ట్ ఎవరండీ?" అని అడుగుతారేమోనని చూస్తున్నాను.