న్యూయార్క్ డచ్ చర్చి మత స్వేచ్ఛకు పుట్టిల్లా?

"అమెరికాలో మొట్టమొదటి చర్చి 1628లో న్యూయార్క్‌లో డచ్చివాళ్ళు పెట్టిందే. భక్తులు మనస్ఫూర్తిగా చందాలిచ్చి గుడి కట్టుకున్నారు. అన్ని మతాలవాళ్ళనూ ఆదరించారు, నల్లవాళ్ళను తమతో సమానంగా చూశారు. 1664లో ఇంగ్లీషువాళ్ళొచ్చి దాన్ని మూయించేశారు." ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది. ఇందులో సంవత్సరాలు రెండూ నిజమే. వాటి చుట్టూ అల్లిన కథతోనే పేచీ.

మొట్టమొదటిది కాదు. ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్‌లో స్పానిష్ కాథలిక్కులు 1565 నుంచీ ఉన్నారు. వర్జీనియాలోని జేమ్స్‌టౌన్‌లో ఆంగ్లికన్లు, అంటే ఇంగ్లండ్ చర్చివాళ్ళు, 1607లో దిగారు. 1628 ఏప్రిల్‌లో, నేటి న్యూయార్క్‌లో భాగమైన మన్‌హాటన్ చేరిన యోనాస్ మిఖేలియస్ అనే పాస్టరు డచ్ సంఘాన్ని నెలకొల్పిన మాట మాత్రం వాస్తవం. మొదటి ప్రభు భోజనానికి యాభై మంది దాకా వచ్చారు. వాళ్ళలో ఫ్రెంచి మాట్లాడే వాలూన్లు కూడా ఉన్నారు. వాళ్ళకోసం ఫ్రెంచిలో ప్రసంగించాల్సి వస్తే, అప్పటికప్పుడు మాట్లాడే ధైర్యం లేక రాసుకున్న కాగితం ముందు పెట్టుకున్నానని ఆయనే ఉత్తరంలో చెప్పుకున్నాడు.

ఇక చందాల సంగతి. 1642లో కోటలో రాతి చర్చి కట్టాలనుకున్న గవర్నర్ కీఫ్ట్‌కు డబ్బు కావలసి వచ్చింది. పాస్టరు బోగార్డస్ సవతి కూతురి పెళ్ళి విందులో, అతిథులు నాలుగైదు గ్లాసులు పట్టించాక, కీఫ్ట్ చందాల కాగితం తిప్పాడు. ఒకరిని చూసి ఒకరు పెద్దపెద్ద మొత్తాలు వేశారు. మత్తు దిగాక కొందరు లబోదిబోమన్నారు గానీ కట్టక తప్పలేదు. కీఫ్ట్ పాలన మీద 1649లో హాలండ్‌కు పంపిన ఫిర్యాదులోనే ఇదంతా ఉంది. ఫిర్యాదుదారులు కొంచెం ఉప్పూకారం జల్లి ఉండొచ్చు. అయినా "మనస్ఫూర్తిగా" అన్న మాట ఇక్కడ అతకదు.

మెసేజ్‌లో అసలు తప్పు మత స్వేచ్ఛ దగ్గరుంది. ఆ ఊళ్ళో అన్య మతాలను గట్టిగా అడ్డుకున్నవాళ్ళలో ఈ సంఘం పాస్టర్లే ముందున్నారు. 1654లో 23 మంది యూదులు శరణు కోరి వచ్చారు. మరుసటి ఏడాది పాస్టరు మెగాపొలెన్సిస్ వాళ్ళను పంపించేయాలని ఆమ్‌స్టర్‌డామ్‌కు రాశాడు. ఉండనిమ్మన్నది చర్చి కాదు, ఆ వలసను నడిపిన డచ్ వెస్టిండియా కంపెనీ. అందుకు ఓ కారణం, కంపెనీలో యూదుల పెట్టుబడి ఉండటం! 1656లో గవర్నర్ స్టైవెసాంట్ వేరే మతశాఖల కూటాలను నిషేధించాడు: ప్రసంగించినవాడికి వంద పౌండ్ల జరిమానా, విన్నవాడికి పాతిక. మరుసటి ఏడాది లూథరన్లనే మరో క్రైస్తవ శాఖకు పాస్టరుగా గుట్‌వాసర్ ఓడ దిగితే, ఇద్దరు డచ్ పాస్టర్లూ పట్టుబట్టి చివరికి అతన్ని వెనక్కి పంపించారు. క్వేకర్లనే ఇంకో క్రైస్తవ శాఖవాళ్ళకు ఇంట్లో చోటిచ్చినందుకు జాన్ బౌన్‌ను 1662లో పట్టుకుని దేశం దాటించారు. అతను ఆమ్‌స్టర్‌డామ్‌లో మొర పెట్టుకున్నాకే, మనుషుల అంతరాత్మ జోలికి పోవద్దని 1663లో కంపెనీ గవర్నర్‌కు హితవు చెప్పింది. వలసకు జనం రాకపోతే వ్యాపారం సాగదన్నది కంపెనీ లెక్క.

నల్లవాళ్ళ విషయంలో ఒక సగం నిజముంది. బోగార్డస్ కాలంలో ఆఫ్రికన్ బానిసల పిల్లలకు బాప్తిస్మాలు జరిగాయి, వాళ్ళ పెళ్ళిళ్ళూ చర్చి రిజిస్టర్లకెక్కాయి. తర్వాత ఆ తలుపు మూసుకుంది. 1664 జూన్‌లో పాస్టరు సెలైన్స్ రాసిన ఉత్తరం చూడండి: నల్లవాళ్ళు పిల్లలకు బాప్తిస్మం అడుగుతున్నారు, మేం ఒప్పుకోవట్లేదు, ఎందుకంటే వాళ్ళకు కావలసింది పిల్లలను బానిసత్వం నుంచి తప్పించడమే. బిడ్డ విడుదల కోరుకోవడం తల్లిదండ్రుల తప్పయిపోయింది! సమానంగా చూడటమంటే ఇదా?

అది జరిగిన మూడు నెలలకే ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. చర్చిని మూయించలేదు సరికదా, లొంగుబాటు ఒప్పందంలో ఎనిమిదో షరతుగా డచ్చివాళ్ళ ఆరాధనకూ సంఘ క్రమశిక్షణకూ స్వేచ్ఛ రాసిచ్చారు. ఇతరులకు ఇవ్వకూడదని వాదించినదాన్నే వీళ్ళు ఓడిపోయి పొందారు. హాలండ్ వెళ్ళిన సెలైన్స్ 1682లో తిరిగొచ్చి, 1696లో ఇంగ్లీషు రాజు విలియం పేరిట సంఘానికి చార్టర్ (అధికారిక గుర్తింపు పత్రం) కూడా సంపాదించాడు. ఇంగ్లీషువాళ్ళ సొంత ట్రినిటీ చర్చికి చార్టర్ దక్కింది ఆ మరుసటి ఏడాదే. డచ్ సంఘంలో ప్రసంగాలు డచ్చిలోనే సాగాయి. ఇంగ్లీషులో చెప్పడానికి ఆర్చిబాల్డ్ లెయిడ్లీని పిలిపించుకున్నది 1764లో, అదీ పిల్లలకు డచ్చి రాక పక్క చర్చిలకు పోతున్నారన్న టెన్షన్‌తో.