పాయింట్ ఏడు ఉద్యోగం

అమెరికా కార్మిక గణాంకాల శాఖ 1957-64 మధ్య పుట్టిన కొన్ని వేల మందిని పట్టుకుని, దశాబ్దాల తరబడి వాళ్ల వెంటపడి, చివరికి ఒక లెక్క తేల్చింది. 18 ఏళ్ల నుంచి 56 ఏళ్ల దాకా ఒక్కో మనిషి సగటున 12.7 ఉద్యోగాలు చేశాడట. అందులో పన్నెండు నాకు అర్థమయ్యాయి. ఆ పాయింట్ ఏడు మాత్రం కొన్నాళ్లుగా నిద్ర పట్టనివ్వడం లేదు.

లెక్కలు తెలిసినవాళ్లు "అది సగటండీ" అని తేలిగ్గా తీసిపారేశారు. వాళ్లంతా ఒకే కుర్చీలో చేరి, అదే కుర్చీలోంచి రిటైరైనవాళ్లు. ఈ విషయంలో వాళ్ల మాటకు విలువివ్వలేం. పాయింట్ ఏడు ఉద్యోగం నిజంగా ఉంటుందనీ, దాన్ని నేను చేశాననీ నా గట్టి నమ్మకం. ఎక్కడ చేశానన్నదే తేలాలి. కాగితం మీదకెక్కిన నా ఉద్యోగాలు పదకొండు. ఆ లెక్కన లోకం నాకింకా 1.7 బాకీ ఉంది గానీ, వయసు రీత్యా ఒత్తిడి చేయదలచుకోలేదు.

మొదటిది టైపిస్టు పని. వేగం తక్కువ, తప్పులు ఎక్కువ. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదని తర్వాత తెలిసింది. అమెరికాలో బెట్టీ నెస్మిత్ గ్రాహమ్ అనే సెక్రటరీకి కూడా టైపులో తప్పులు పడేవి. ఆవిడ 1950ల్లో వంటింట్లో తెల్లరంగు కలిపి, చిన్న సీసాలో పోసుకుని, తప్పు మీద పూసి, దాని మీద మళ్లీ టైపు చేసింది. ఆ సీసాలే వ్యాపారమై, 1979లో ఆ కంపెనీని 4 కోట్ల 75 లక్షల డాలర్లకు అమ్మింది. ముడిసరుకు విషయానికొస్తే, అదే రోజుల్లో నా దగ్గర ఆవిడకంటే ఎక్కువే ఉండి ఉంటుంది. రోజుకు నలభై తప్పులు తయారుచేసేవాణ్ణి. పూసే ఆలోచన రాలేదు, అంతే. కాగితం ఉండచుట్టి బుట్టలో వేసేవాణ్ణి. ఆర్నెల్లకు ఆ బుట్ట చూసే నన్ను పంపించేశారు.

తర్వాత ఫొటోలు కడిగే చీకటి గదిలో చేరాను. నలుపు తెలుపు ఫొటో కాగితానికి ఎర్ర వెలుతురు తగిలినా ఏమీ కాదు కాబట్టి, అక్కడుండే దీపం ఎరుపు. ఆ ఎర్రదీపం కింద రెండేళ్లు పనిచేశాను. ఒకరోజు బయట పగటి వెలుతురులో ఎవరో పలకరిస్తే "ఎవరండీ మీరు?" అన్నాను. ఆయన మా యజమాని. ఇంతకీ నేను నక్క తోక తొక్కానని మురిసిపోతూ ఆ గదిలో అడుగుపెట్టేనాటికే, 1975లోనే, కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు ఫిల్ము అక్కర్లేని కెమెరా చేసి పెట్టాడు. ఒక్క బొమ్మ నమోదు కావడానికి 23 సెకన్లు పట్టేది. ఆ బొమ్మలో ఉన్న చుక్కలు పదివేలు. వాళ్లు దాన్ని చూసి ఊరుకున్నారు. 2012లో ఆ కంపెనీయే దివాలా పిటిషన్ వేసింది. సొంత గదిలో ఉన్నది వాళ్లకే కనబడనప్పుడు, ఎర్రదీపం కింద ఉన్నవాణ్ణి నాకేం కనిపిస్తుంది?

ఆ తర్వాత ఇంటింటికీ తిరిగి విజ్ఞాన సర్వస్వం అమ్మాను. మూడు నెలల్లో ఒక్క సెట్టు అమ్ముడుపోయింది. కొన్నది నేనే. ప్రతి గుమ్మంలోనూ దాని గొప్పదనం చెప్పీ చెప్పీ, నా మాటలకు నేనే పడిపోయాను. వాయిదాలు జీతంలో కోసుకున్నారు. ఉద్యోగం పోయాక కూడా రెండు వాయిదాలు మిగిలాయి. 1768 నుంచి అచ్చవుతూ వచ్చిన ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వం ఒకటి 2012లో కాగితానికి సెలవిచ్చిందని విన్నప్పుడు, నాకు బాధకంటే ముందు వాయిదాలే గుర్తొచ్చాయి.

గోదాము కాపలా, బిల్లుల బట్వాడా, ఇంకా నాలుగు ఉన్నాయి. వాటి గురించి చెప్పడానికేమీ లేదు. గోదాములో సరుకు కూడా లేదు.

ఇక అసలు ఉద్యోగానికి వద్దాం. గుమాస్తాగిరీ. ఏడేళ్లు. చేరిన రోజే పక్క సీటు పెద్దాయన నా చెవి దగ్గరకొచ్చి, "కోటు తెచ్చుకున్నావా నాయనా?" అన్నారు.

"చలి లేదు కదండీ."

"చలికి కాదు. కుర్చీకి."

కుర్చీ వెనక కోటు వేలాడుతుంటే మనిషి ఆఫీసులోనే ఉన్నట్టు లెక్క. బల్ల మీద కళ్లజోడు కూడా ఉంటే, పనిలో మునిగి ఉన్నట్టు. పెన్ను మూత తీసి ఉంటే ఇప్పుడే లేచినట్టు. ఈ శాస్త్రం ఏ కాలేజీలోనూ చెప్పరు. ఆ ఏడేళ్లలో నేను బోలెడు సెలవులు వాడుకున్నాను గానీ, నా కోటు ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు. ప్రమోషన్ ఇచ్చేటప్పుడు పై అధికారి, "ఎప్పుడు చూసినా సీట్లోనే ఉంటారు మీరు" అని మెచ్చుకున్నారు. కోటు తరఫున నేను వినయంగా తలవంచాను.

పని లేదా అంటే, ఉండేది. పార్కిన్సన్ అనే చరిత్రకారుడు 1955లోనే ఇదంతా లెక్కగట్టాడు. 1914లో బ్రిటిష్ నౌకాదళానికి పెద్ద యుద్ధనౌకలు 62 ఉంటే, 1928 నాటికి 20 మిగిలాయి. అదే కాలంలో ఆ శాఖ ఆఫీసులో అధికారులు 2,000 నుంచి 3,569కి పెరిగారు. ఓడలు తగ్గేకొద్దీ ఓడల గురించి రాసుకోవాల్సింది పెరుగుతుంది కాబోలు. మా ఆఫీసులో మొదటినుంచీ ఓడలే లేవు. అందువల్ల మా అభివృద్ధికి అడ్డన్నది లేకుండా పోయింది.

ఆఫీసు వేళల్లో సొంత పనులు చేసుకున్నానన్న అభియోగం కూడా నా మీద ఉంది. దీనికి పెద్దల దారే నాకు ఆధారం. ఐన్‌స్టీన్ బెర్న్ పేటెంట్ ఆఫీసులో మూడో తరగతి నిపుణుడిగా ఉంటూనే 1905లో భౌతికశాస్త్రాన్ని తిరగేసిన నాలుగు వ్యాసాలు అచ్చువేయించాడు. మరుసటేడు ఆఫీసువాళ్లు ఆయన్ను రెండో తరగతికి ప్రమోట్ చేశారు. మొదటి తరగతికి ఇంకేం చేసి ఉండాలో ఆ ఆఫీసుకే తెలియాలి. నేను మాత్రం ఆ వేళల్లో కరెంటు బిల్లు కట్టి, జుట్టు కత్తిరించుకుని వచ్చేవాణ్ణి. నాకూ ప్రమోషన్ వచ్చింది. మేనేజిమెంటు దృష్టిలో మా ఇద్దరి మధ్యా పెద్ద తేడా లేదనే అనుకుంటాను.

చివరి ఉద్యోగం కాల్ సెంటర్లో. అక్కడ కోటు పనిచేయదు. లేస్తే కంప్యూటర్ నిమిషాలు లెక్కపెడుతుంది. బాత్రూముకు వెళ్లాలంటే స్క్రీను మీద ఒక బటన్ నొక్కి, ఏ పని మీద వెళుతున్నామో ఎంచుకోవాలి. మా టీమ్ లీడర్ నా కొడుకుకంటే చిన్నవాడు, పాపం మంచివాడు. "అంకుల్, నవ్వుతూ మాట్లాడండి, నవ్వు అవతలివాళ్లకి వినబడుతుంది" అనేవాడు. రోజుకు తొంభై మందితో "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అన్నాను. ఇంటికి ఫోన్ చేసినా నోట్లోంచి అదే వచ్చేది. మా ఆవిడ మారుమాట్లాడకుండా పెట్టేసేది.

ఇన్ని లెక్కపెట్టినా ఆ పాయింట్ ఏడు చిక్కలేదు. నిన్న మనవడికి స్కూల్లో హోంవర్కు ఇచ్చారు. 'మా తాతయ్య ఉద్యోగం' అని బొమ్మ గీయాలి. రెండు గంటలు కూర్చోబెట్టి అన్నీ చెప్పాను. టైపు మిషను, ఎర్రదీపం, విజ్ఞాన సర్వస్వం, ఓడలు, ఐన్‌స్టీన్. వాడు బుద్ధిగా విని, గంటసేపు గీసి, తెచ్చి చూపించాడు.

కుర్చీ చక్కగా కుదిరింది. నాలుగు కాళ్లూ సమానంగా ఉన్నాయి. వెనక కోటు, దానికి గుండీలు కూడా. బల్ల మీద మూత తీసిన పెన్ను.

"మరి నేనేడిరా?"

"చోటు సరిపోలేదు తాతయ్యా" అన్నాడు.