రాసినవాడి వాటా

కిళాంబి వెంకట నరసింహాచార్యులు అంటే ఎవరాయన అని అడుగుతారు. ఆత్రేయ అంటే చాలు, ఏదో ఒక పల్లవి నోట్లోకి వచ్చేస్తుంది. సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడులో 1921 మే 7న పుట్టి, గోత్రం పేరునే కలం పేరు చేసుకున్న ఈ నాటక రచయిత 1951లో ‘దీక్ష’తో సినిమా పాట మొదలుపెట్టారు. 1989లో కన్నుమూశారు.

రాయక నిర్మాతల్ని, రాసి ప్రేక్షకుల్ని ఏడిపిస్తారని ఆయన మీద ఓ చమత్కారం. హోటల్ గదిలో కూర్చోబెట్టినా పాట రాలేదన్న కథలు మద్రాసు సినిమా పేట కోడంబాకంలో కోకొల్లలు. నవ్వుకోవచ్చు గానీ, ‘ప్రేమ్‌నగర్‌’లోని ‘మనసు గతి ఇంతే’ ఒకసారి శ్రద్ధగా వినండి. నిఘంటువు తీయాల్సిన మాట పల్లవిలో ఒక్కటీ లేదు. రెండు పాదాలు ‘ఇంతే’ అని ముగిసి, మూడోది ‘అంతే’ అని తెగ్గొడుతుంది. తాగినవాడు తనలో తాను అనుకునే ధోరణి అది. ఇంత తేలిగ్గా కనిపించే మాట కుదరడానికి ఎన్ని కాగితాలు చింపాలో రాసేవాళ్లకు తెలుసు. పైగా సాహిత్యం చేతికొచ్చాకే బాణీ కట్టడం ఆ సినిమా సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్ పద్ధతి. అంటే ఆ నడక కూడా ముందు కవిదే.

జీతం చాలని గుమాస్తా ఇంటిని ‘ఎన్జీవో’ (నాన్ గెజిటెడ్ ఆఫీసర్) నాటకంలో రంగస్థలం మీదికి తెచ్చిన కలమే, 1981లో ‘ఆకలి రాజ్యం’ నిరుద్యోగి చేత ‘సాపాటు ఎటూ లేదు, పాటైనా పాడు బ్రదర్’ అనిపించింది. తిండికీ పాటకూ మధ్య ఉన్న ఈ లెక్క పాట రాసేవాళ్లకూ వర్తిస్తుంది. గుమాస్తాకు రిటైరయ్యాక పింఛనైనా వచ్చేది. కవికి చేతిలో పెట్టిందే ఆఖరు. వేరే ఒప్పందం లేకపోతే సినిమా కోసం రాయించుకున్న పాటకు తొలి హక్కుదారు నిర్మాతేనని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. 2012లో గానీ చట్టం మారలేదు. హిందీ పాటల రచయిత జావేద్ అఖ్తర్ రాజ్యసభలో గట్టిగా వాదించాక, థియేటర్లో సినిమా ఆడించడం మినహా మిగతా వాడకాల రాయల్టీలో రచయితకు సమాన వాటా వచ్చింది. దాన్ని నిర్మాతకు వదులుకున్నట్టు సంతకం పెట్టినా చెల్లదు.

చట్టం మంచిదే. తెలుగులో కొత్తగా పాట రాస్తున్న కుర్రాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? ‘ముందు ఛాన్స్ రానీ’ అన్న టెన్షన్‌లో ఒప్పందం చదివేదెవరు? రచయిత చనిపోయాక 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది కాబట్టి ఆత్రేయ పాటల గడువు 2049 చివరిదాకా నడుస్తుంది. ఆ పాటలు ఫోన్లలో రోజూ మోగుతున్నాయి. ఆ డబ్బు ఎటు పోతోందో అడగాల్సిందే.

డబ్బు మాట అటుంచితే, పేరైనా కనబడాలి కదా. రేడియోలో పాటకు ముందు రచన, సంగీతం, గానం ఎవరివో చెప్పేవారు. ఇప్పుడు యాప్‌లో హీరో బొమ్మ ఉంటుంది, గాయకుడి పేరు ఉంటుంది. కవి కోసం మూడు చుక్కలు నొక్కి వెతుక్కోవాలి, అక్కడైనా ఉంటాడన్న గ్యారంటీ లేదు. గాయకుడి పేరు పక్కనే రచయిత పేరు వేయడానికి ఈ కంపెనీలకు అయ్యే ఖర్చు శూన్యం. ఆ షరతు లేకుండా పాటల హక్కులు అమ్మబోమని మన నిర్మాతల మండలి ఒక్క తీర్మానం చేస్తే సరిపోతుంది. రచయితల సంఘం కూడా కొత్తవాళ్ల చేతికి తెలుగులో ఒక నమూనా ఒప్పంద పత్రం ఇవ్వాలి.